ప్రభుత్వము దగ్గరకు వచ్చినప్పుడు



2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన మన కోనసీమ వేరు జిల్లా ఆయెను. అమలాపురము జిల్లా కేంద్రమాయెను. 1925లో తూర్పు గోదావరి జిల్లా ఏర్పడిన నాటినుండియు, అంతకు పూర్వమును, మన కలెక్టరు కచేరీ కాకినాడలోనే యుండెను. ఇప్పుడు అది మన మధ్యకు వచ్చెను. మనలో చాలమంది సంతోషించితిమి. అందుకు తగిన కారణము కలదు. అయితే ఆ దినమునకు సరిగా యాభై దినములు గడచిన పిమ్మట, మే 24వ తేదీన, అదే అమలాపురములో ఇండ్లు తగులబడెను. ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టుకొని ఈ మాసము ఒక ప్రశ్నను మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాము. ప్రభుత్వము మనుష్యునికి దగ్గరగా వచ్చుటయు, న్యాయము అతనికి దగ్గరగా వచ్చుటయు ఒకటేనా?

దగ్గరతనమును తేలికగా చూడరాదు. దూరము పేదవానికి ఎంత ఖరీదో మన తండ్రులకు తెలియును. రాజోలు తాలూకాలోని ఒక లంక గ్రామములో ఒక విధవరాలున్నదనుకొనుడి. భర్త పేరున నున్న పట్టా తన పేరునకు మారవలెను. తాలూకా కచేరీలో పని జరుగలేదు. కలెక్టరుగారికి అర్జీ పెట్టుకొనవలెను. ఆమె తెల్లవారకమునుపే లేచి, రేవు దాటి, బస్సుకొరకు నిలిచి, మరల ఇంకొక రేవు దాటవలెను. ఎదుర్లంకకును యానాముకును నడుమ వంతెన 2002లో గాని రాలేదు. మన ప్రాంతపు బిడ్డయై లోక్‌సభకు స్పీకరుగా పనిచేసి, ఆ యేటనే మార్చి 3వ తేదీన హెలికాప్టరు ప్రమాదములో మరణించిన బాలయోగిగారి పేరు దానికి పెట్టబడెను. అంతకుముందు పంటు వచ్చువరకు ఒడ్డున కూర్చుండవలసినదే. కాకినాడ చేరునప్పటికి దొరగారు క్యాంపునకు వెళ్ళిరని చెప్పుదురు. ఆ దినపు కూలి పోయెను, చార్జీలు పోయెను, మరుసటి వారము మరల రావలెను. మూడుసార్లు తిరిగినమీదట నాలుగవసారి ఆమె పోదు. ఆమె హక్కును ఎవరును నిరాకరింపలేదు. దారియే దానిని మ్రింగివేసెను.

లూకా సువార్త 18వ అధ్యాయములో ప్రభువు చెప్పిన విధవరాలిని జ్ఞాపకము చేసికొనుడి. ఆమె పట్టుదలనుగూర్చి మనము ఎన్నో ప్రసంగములు వినియున్నాము. ఒక చిన్న సంగతి మాత్రము సాధారణముగా గమనింపము. ఆమెయు ఆ న్యాయాధిపతియు ఒక్క పట్టణములోనే యుండిరి. కనుకనే ఆమె మాటిమాటికి వచ్చి అడుగగలిగెను. ఆయన నాలుగు ఏళ్ళకు ఆవల నున్నయెడల, ఆమె పట్టుదల ఎంత గొప్పదైనను, ఆయనకు విసుగు పుట్టించుటకు చాలియుండదు.

నిర్గమకాండము 18వ అధ్యాయములో యిత్రో తన అల్లుడైన మోషేకు చెప్పిన ఆలోచనయు ఇటువంటిదే. ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు జనులందరు ఒక్క మనుష్యుని యెదుట నిలువబడుట ఆయనకు నచ్చలేదు. వేయిమందికొకని, నూరుమందికొకని, యాబదిమందికొకని, పదిమందికొకని నియమింపుమనెను. జిల్లా, మండలము, గ్రామము అను మన ఏర్పాటునకు ఇది తాతవంటిదని చెప్పవచ్చును. కాని యిత్రో లెక్కతో ఆగలేదు. ఆ పదవులలో నుంచవలసినవారు దేవునికి భయపడువారై, లంచమును ద్వేషించువారై యుండవలెనని కూడ చెప్పెను. మన కాలపు ప్రభుత్వములు ఆ ఆలోచనలో లెక్కను మాత్రము శ్రద్ధగా తీసికొన్నవి.

మన రాష్ట్రపు చరిత్రయంతయు ఒక విధముగా ఈ దగ్గరతనముకొరకు జరిగిన ప్రయాణమే. చెన్నపట్టణములో తెలుగువాని మాట వినువారు లేరని మన పెద్దలు మొరపెట్టిరి. పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష ఆరంభించి, డిసెంబరు 15వ తేదీ రాత్రి ప్రాణము విడిచిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. ప్రకాశం పంతులుగారు మొదటి ముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న తెలంగాణముతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఆయెను; రాజధాని హైదరాబాదునకు పోయెను. 1969లో అక్కడివారు విడిపోదుమనిరి. 1972లో ఇక్కడివారు విడిపోదుమనిరి. 2014 జూన్ 2న విడిపోవుట జరిగెను. పిమ్మట అమరావతి. 1940లో రాజోలులో పుట్టినవాడు తన ఇల్లు వదలి ఎక్కడికిని పోకయే చెన్నపట్టణము, కర్నూలు, హైదరాబాదు, అమరావతి అను నాలుగు రాజధానుల క్రింద కాపురము చేసెను! 2022లో 13 జిల్లాలు 26 అయినప్పుడు కూడ చెప్పబడిన మాట అదే: పరిపాలన ప్రజలకు చేరువగును.

ఆంధ్ర రాష్ట్రపు బిల్లు 1953 సెప్టెంబరు 2న రాజ్యసభ యెదుటకు వచ్చినప్పుడు డాక్టరు అంబేడ్కరు లేచి, సంతోషములో నున్నవారికి రుచింపని ప్రశ్న నొకదానిని అడిగిరి. ఈ క్రొత్త రాష్ట్రములో చిన్నవారికి రక్షణ ఏది? వారిని కాపాడుటకు గవర్నరునకు ప్రత్యేకాధికారము ఉండవలెనని ఆయన వాదించిరి. రెండేండ్ల తరువాత 1955లో భాషా రాష్ట్రములనుగూర్చి వ్రాసిన చిన్న పుస్తకములో ఇంకను విపులముగా చెప్పిరి. ఒక్కొక్క భాషా ప్రాంతములో ఒకటి రెండు పెద్ద కులములుండును. భూమియు, వ్యాపారమును, ఉద్యోగములును వారిచేతులలో నుండును. ప్రభుత్వము కూడ ఆ చేతులలోనికే పోయినయెడల పల్లె చివర నున్నవాడు ఎవరితో చెప్పుకొనును? ఆంధ్రనే ఆయన ఉదాహరణముగా చూపిరి. భాషా రాష్ట్రములే వద్దని ఆయన అనలేదు. గీత గీయువారు ఆ గీతలోపల ఎవరు ఎవరిపైన కూర్చుండబోవుచున్నారో కూడ చూడవలెనని అడిగిరి.

దీనిని మన గ్రామములలోని వృద్ధులకు వివరింపనక్కరలేదు. వారి బాల్యములో ప్రభుత్వము చాల దగ్గరగానే యుండెను. కరణము, మునసబు అను పేర్లతో అది ఊరి నడుమనే కాపురముండెను. తండ్రి తరువాత కొడుకు అదే పదవిలో కూర్చుండెను. ఎవని చేను ఎవని పేరున నున్నదో ఆ కరణము దస్త్రములోని సిరాకే తెలియును. లంక భూమిని గోదావరి ఈ యేడు కోసివేసి మరుయేడు మేటవేసినప్పుడు, ఆ మేట ఎవరిదని చెప్పువాడును ఆయనయే. మంచి కరణములును ఉండిరి. ఆకలి దినములలో ఆదుకొన్న మునసబులను ఇప్పటికిని తలంచుకొను ఇండ్లు కలవు. కాని పేటలోనివాడు కలెక్టరునకు భయపడినదానికంటె కరణమునకు ఎక్కువ భయపడెను. కలెక్టరు ఎక్కడనో యుండును. కరణము ప్రతి ఉదయము కనబడును. 1984లో ఆ వంశపారంపర్య పదవులు రద్దుచేయబడెను; మరుసటి యేడు తాలూకాల స్థానమున మండలములు వచ్చెను. ఆ రెండు మార్పులలో మొదటిదే పేదవానికి ఎక్కువ మేలు చేసినదని మా అభిప్రాయము. కచేరీ ఎంత దూరమన్నది రెండవది మార్చెను. కచేరీలో ఎవరు కూర్చుండవచ్చునన్నది మొదటిది మార్చెను.

పరిశుద్ధ గ్రంథములో దగ్గర ప్రభుత్వము చేతిలో నలిగిన మనుష్యుడు నాబోతు. మొదటి రాజులు 21వ అధ్యాయము చదువుడి. ఆహాబు అతని ద్రాక్షతోటను కోరెను, యెజెబెలు ఉపాయము చెప్పెను, కాని చంపినవారెవరు? ఆమె పంపిన తాకీదులు అందుకొన్నది నాబోతు నివసించు పట్టణపు పెద్దలే. అతనితో కూర్చుండి భోజనము చేసినవారు, అతని తండ్రిని ఎరిగినవారు. వారిలో ఒక్కడైనను ఇది అన్యాయమని తిరిగి వ్రాసినట్లు అక్కడ లేదు. ఇద్దరు సాక్షులను తామే సిద్ధపరచిరి. ఊరివారే ఊరివానిని రాళ్లతో కొట్టిరి.

పౌలు కథ ఇంకను ఆలోచింపదగినది. అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయమునుండి చూడుడి. స్వజనులలో నలుబదిమందికి పైగా ఆయనను చంపువరకు అన్నపానములు ముట్టమని ఒట్టు పెట్టుకొనిరి. ఆ రాత్రి ఆయనను కాపాడి కైసరయకు దాటించినవారు పరదేశపు సైనికులు, లెక్కకు 470 మంది. అక్కడ అధిపతియైన ఫేలిక్సు లంచము దొరకునేమోయని రెండేండ్లు ఆయనను బంధకములలోనే ఉంచెను. కనుక దూరప్రభుత్వము పరిశుద్ధమైనదని ఎవరును అనుకొనరాదు. తరువాత వచ్చిన ఫేస్తు, యెరూషలేమునకు వచ్చి అక్కడ విమర్శింపబడుట నీకిష్టమా అని అడిగెను. వినుటకు ఎంత న్యాయమైన మాట! తన జాతి, తన భాష, తన పెద్దలు, తన దేవాలయము. పౌలు ఒప్పుకొనలేదు. సముద్రమునకు ఆవల నున్న కైసరునొద్ద చెప్పుకొందుననెను. ఆ కైసరు నీరో. మంచివాడని నమ్మి పౌలు ఆయనను కోరలేదు. తనవారి మధ్య తనకు జరుగబోవునది ఆయనకు తెలిసియుండెను. చట్టము తనకిచ్చిన ఒక్క తలుపు ఆ దూరమున నుండెను.

మన రాష్ట్రములోను ఆ తలుపు తట్టవలసివచ్చినవారు కలరు. 1985 జులై 17న చీరాల దగ్గర కారంచేడులో ఆరుగురు దళితులు హతులైరి; మిగిలినవారు చీరాలకు పారిపోయి తలదాచుకొనిరి. దాడిచేసినవారు పొరుగూరివారు కూడ కారు, అదే ఊరివారు. హైకోర్టులో కేసు వీగిపోయినమీదట, 23 ఏండ్లకు, 2008 డిసెంబరులో ఢిల్లీలోని సుప్రీంకోర్టు ప్రధాన నిందితునికి యావజ్జీవ శిక్ష విధించెను. అయితే చుండూరు సంగతి దీనికి ఎదురుగా నిలుచును. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. సాక్షులు దూరమునకు తిరుగలేరని ప్రత్యేక న్యాయస్థానమును ఆ గ్రామములోనే నెలకొల్పిరి. 2007లో ఆ దగ్గర న్యాయస్థానము 21 మందికి జీవిత ఖైదు విధించెను. 2014 ఏప్రిలులో హైదరాబాదులోని హైకోర్టు వారిని విడుదల చేసెను. అక్కడనుండి సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్ళెను. కనుక దగ్గరది చెడ్డది, దూరమైనది మంచిది అని సూత్రము కట్టువారికి చుండూరు అడ్డుపడును. తలక్రిందులుగా చెప్పువారికి కారంచేడు అడ్డుపడును.

ఇప్పుడు 2022 మే 24వ తేదీకి రాగలము. ఆ నెల 18న ప్రభుత్వము కోనసీమ జిల్లాకు డాక్టరు అంబేడ్కరు పేరు చేర్చదలచితిమని ప్రకటించి, అభ్యంతరములు తెలుపుటకు 30 దినముల గడువిచ్చెను. గడువులో ఒక వారమైనను నిండకమునుపే గుంపులు వీధులలోనికి వచ్చెను. ఒక మంత్రిగారి ఇంటికిని, ఒక శాసనసభ్యుని ఇంటికిని నిప్పుపెట్టిరి; బస్సులు కాల్చబడెను; పోలీసులకు గాయములు తగిలెను. ఇంటర్‌నెట్ చాల దినములు ఆపివేయబడెను. ఆ ఇద్దరును ఈ ప్రాంతపు ఓటర్లు ఎన్నుకొన్నవారే. పిమ్మట ఆగస్టులో పేరు ఖాయమాయెను.

పేరు విషయములో ఒకడు అవునని, ఒకడు కాదని చెప్పవచ్చును. కాగితముమీద వ్రాసి ఇచ్చుటకు దారి తెరచియే యుండెను. కోనసీమ అను పేరు మీద నాకు మమకారము కలదని చెప్పినవానిని మేము నిందింపము. ఆ పేరు తీసివేయబడలేదనియు, ముందు ఒక పేరు చేర్చబడెననియు మాత్రము గుర్తుచేయుదుము. మాకు బాధ కలిగించినది వేరొకటి. జిల్లా కావలెనని ఏకముగా అడిగిన జనులు, జిల్లా వచ్చిన యాభై దినములకు అది ఎవరిదని తగవులాడుకొనిరి. దగ్గరకు వచ్చిన ప్రభుత్వమును చూచి ఒకడు ఇది మనది అనుకొనినప్పుడు, ఆ మనలో పేట చివరి ఇంటివాడు ఉన్నాడా లేడా? 1953లో ఆ ప్రశ్న అడిగిన మనుష్యుని పేరు మీదనే ఈ కలహము పుట్టుట గమనింపదగినది.

దూరమున నున్నవారు మనలను కనిపెట్టుదురని కూర్చుండుటకును వీలులేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి 65 దినములు మండెను. రాష్ట్రము విడిపోయి 25 దినములైన 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున నగరములో గ్యాసు గొట్టము పేలి, నిద్రలో నున్నవారితో కూడ ఇరువదిమందికి పైగా చనిపోయిరి. గ్యాసు మన చేల క్రింద; దానినిగూర్చిన నిర్ణయములు ఢిల్లీలో. 2011లో మన రైతులు వేలాది ఎకరములలో సార్వా వేయక విరామము ప్రకటించినప్పుడు మాత్రమే కోనసీమ వరిచేను దూరపు కచేరీలకు కనబడెను. ఇంక మనవారికే ప్రత్యేకమైన సంగతి యొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హక్కులను మొదట హిందువులకే పరిమితము చేసెను, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. దానిమీద 2004లో వేసిన వ్యాజ్యము 2024 నాటికిని తేలలేదు. మన కలెక్టరు కాకినాడలో నున్నను అమలాపురములో నున్నను ఈ విషయములో మన పిల్లల సర్టిఫికెట్టులో ఒక్క అక్షరమైనను మారదు.

ఆలాగైన ఏది కోరవలెను? మాకు తోచినది ఇది. దినదినపు అవసరములు, అనగా పట్టా, పెన్షను, రేషను, కాలువ నీరు, ఇవి నడచిపోగల దూరములో నుండవలెను. అందుకొరకు క్రొత్త జిల్లా మేలైనదే. కాని బలవంతుడైన పొరుగువానికి విరోధముగా బలహీనుడు చెప్పుకొనవలసి వచ్చినప్పుడు, ఆ పొరుగువాని చేయి అందని చోట ఒక తలుపు ఉండవలెను. మొదటిదానిని ఇచ్చి రెండవదానిని మూసివేయు ప్రభుత్వము నాబోతు పట్టణపు పెద్దలవంటిదగును. గుమస్తా మన వీధివాడే యగుటవలన అర్జీ త్వరగా కదలవచ్చును. అదే కారణమువలన కదలకయు పోవచ్చును. మన పేటలోనివాడే సర్పంచి అయినప్పుడు మనము ఎట్లు ప్రవర్తించితిమో కూడ ఈ సందర్భమున ఆలోచించుకొనుట మంచిది. మన ఊళ్ళలో ఒకే ప్రభువును ఆరాధించు రెండు పేటలకు రెండు మందిరములుండుటయు, ఒకరి పెండ్లికి ఒకరు వెళ్ళకుండుటయు అందరికి తెలిసినదే. ఒక పేటవాడు పదవిలోనికి వచ్చినప్పుడు రెండవ పేటలోని విధవరాలి పెన్షను కాగితము ఎక్కడ ఆగెనో అడిగినవారు కొద్దిమందే.

కలెక్టరు కచేరీలో ప్రతి సోమవారము అర్జీలు తీసికొనుచున్నారు. చదువుకొన్న యువకులు ప్రతి సంఘములోను కలరు. వారిలో ఇద్దరిని పెద్దలు ఈ పనికి ఏర్పరచినయెడల బాగుగా నుండును. ఒకడు వ్రాయును, ఒకడు ఆ వృద్ధురాలితో కూడ బస్సెక్కి వెళ్ళును. తమ పేటవారికి మాత్రమే కాక అడిగిన ప్రతివారికిని, ఏ మతమువారికైనను, వ్రాసిపెట్టవలెను. ఆమె అర్జీ ఒక పొరుగువానిమీద నైనయెడల ఆ పొరుగువాడు సంఘమునకు ఎంత చందా ఇచ్చునో చూడవద్దు. అర్జీ ఇచ్చినమీదట రసీదు తప్పక అడిగి తీసికొని, దాని నంబరును తేదీతోకూడ సంఘపు పుస్తకములో వ్రాసియుంచుడి. రెండవసారి వెళ్ళినప్పుడు వారు మొదట అడుగునది ఆ నంబరే.